కాటుక పెట్టిన ఇంజిను

“సాలవ తియ్యి మేస్త్రీ. నీ కుడి సెయ్యి సూపించు.”

బెల్లం వర్తకుడు లాల్ అహ్మద్ పెరటి తలుపు దాటి రెండడుగులు వేయకముందే అన్న మాట ఇది. తాటాకు పందిరి కింద అతని పాత డీజిలు లారీ మూతి తెరుచుకుని నిలబడి ఉంది. దాని పక్కనే నులకమంచం మీద మేస్త్రీ మౌలా సాహెబ్ శాలువా కప్పుకుని కూర్చుని ఉన్నాడు. వంటగది గుమ్మానికి వేలాడే పరదా వెనక అతని భార్య కరీమున్నీసా, టీ నీళ్లు పొయ్యి మీద పెట్టబోయి, ఆ గిన్నెతో అలాగే నిలబడిపోయింది.

“సేతికేటైంది సేటూ?”

“అదే నేనడుగుతన్నాను. పచ్చవాతం కొట్టి మూడు నెల్లయిందంట. మునగపాక సంతలో సెప్పుకుంతన్నారు. నా బండి నీ ఇంటికొచ్చీ మూడు నెల్లే. మరి పని ఎవుడు సేత్తన్నట్టు?”

మౌలా సాహెబ్ శాలువా తీయలేదు. “ముందు ఇంజిను సూడండి, సెయ్యి తరవాత సూద్దురుగాని. తిరగకపోతే ఎడ్లు కట్టి ఇశాపట్నం లాక్కుపోండి.”

“ఎడ్లు ఈదిలోనే ఉన్నాయి మామా,” అన్నాడు సేటు వెనకే వచ్చిన డ్రైవరు సత్తియ్య. “దారిలో ఆకలేత్తాదని మేత కూడా ఎట్టించేను.”

ఆ లారీ ఎడ్ల వెంట వీధిలోకి వెళ్తే, అనకాపల్లిలో మరొక బండి ఆ ఇంటి ముందు ఆగదు. ఆ సంగతి భార్యాభర్తలిద్దరికీ తెలుసు. కరీమున్నీసాకు మరొకటి కూడా తెలుసు. ఇంజిను తిరిగిన నాడు, అది ఎవరు చేశారో అడిగినవాడి ముఖం మీదే చెబుతానని భర్త ఆమెకు మాట ఇచ్చాడు. ఆమె అతనిని అడిగినది అదొక్కటే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఏడాది దాటినా కొత్త బేరింగులు దొరకడం లేదు. పాతవాటిలోనే తెల్ల లోహం కరిగించి పోసి, వాటిలో తిరిగే షాఫ్టుకు సరిపోయేదాకా చేత్తో గీకాలి. షాఫ్టు మీద రంగు పల్చగా పూసి, బేరింగు బిగించి, ఒక్క చుట్టు తిప్పి, విప్పి చూడాలి. లోహం ఒరిసి రంగు మచ్చ పడిన చోట మాత్రమే, వెంట్రుకలో సగం మందాన గీకాలి. మళ్లీ పూయాలి. భర్త మంచం మీద నుంచి చెబుతుండగా ఆమె ఈ పనిని కొన్ని వందల సార్లు చేసింది. సీసాలోని రంగు ముతకగా ఉందని రెండో వారంలో దానిని పారబోసి, బదులుగా ఆముదపు దీపం మీద తానే కాటుక పట్టింది. అటు తరువాత మౌలా సాహెబ్ చెప్పడం తగ్గించాడు. కొన్నాళ్లకు మానేశాడు. చివరికి, ఇది నీకెలా తెలిసిందని ఆమెనే అడగడం మొదలుపెట్టాడు.

సత్తియ్య లారీ ముందు వంగి, ఇంజినును తిప్పే హేండిలు పట్టాడు. మౌలా సాహెబ్ లేచి, సిలిండర్లలోని గాలిని వదిలే మీటను ఎడమ చేత్తో ఎత్తి పట్టాడు. హేండిలు రెండు చుట్లు తిరిగింది. అతడు మీట వదిలాడు. ఇంజిను తెల్లటి పొగ కక్కి ఊరుకుంది.

“ఎడ్లని తోలుకురా సత్తియ్యా,” అన్నాడు లాల్ అహ్మద్.

భర్త తొందరపడి మీట వదిలాడని కరీమున్నీసాకు శబ్దంతోనే అర్థమైంది. ఆమె గిన్నెను పొయ్యి మీద పెట్టి గరిటె అందుకుంది.

“ఇంకొక్కసారి,” అన్నాడు మౌలా సాహెబ్ పరదా వైపు చూస్తూ. “ఈసారి బలంగా తిప్పరా అల్లుడూ. మేత ఎడ్లకేనా, నువ్వు కూడా తిన్నావా?”

రెండు చుట్లు. మూడు. అయిదు. పరదా వెనక గరిటె గిన్నె అంచుకు తగిలి ఒక్కసారి మోగింది. ఆ మోత వినగానే మౌలా సాహెబ్ మీట వదిలాడు. నాలుగు సిలిండర్లూ ఒకదాని వెంట ఒకటి అందుకున్నాయి. పందిరి మీద తాటాకులు అదిరాయి.

లోపల టీ కాగేదాకా లాల్ అహ్మద్ చెవి ఒగ్గి విన్నాడు. మౌలా సాహెబ్ అందించిన టీ గ్లాసును తాగకుండా తిరుగుతున్న ఇంజిను మీద పెట్టి చూశాడు. నిండు గ్లాసు. టీ వణికింది గాని, చుక్కయినా అంచు దాటలేదు. అప్పుడు తీసుకుని, నెమ్మదిగా, చివరిదాకా తాగాడు.

సత్తియ్య ఇంజిను ఆపాడు. లాల్ అహ్మద్ వచ్చి, మళ్లీ మంచం మీద కూర్చున్న మేస్త్రీ శాలువాను తానే తొలగించాడు. మౌలా సాహెబ్ కుడి చెయ్యి ఒడిలోకి జారి, పడిన చోటే ఉండిపోయింది.

“అయితే నిజమే. ఇది నీ పని కాదు.”

“కాదు సేటూ.”

“ఇశాపట్నమోడా? కలకత్తాలో నేర్చినోడా? ఎక్కడ దాసేవు భాయ్? ఎడ్లని ఇంటికి తోలించేత్తాను. నా మిగతా మూడు బళ్లూ కూడా ఇక్కడికే పంపుతాను. ఒక్కపాలి ఆ సెయ్యి నాకు సూపించు, సలాం సేసుకుంతాను.”

మౌలా సాహెబ్ మాట తప్పలేదు.

“సేసిన సెయ్యి ఆ పరదా ఎనకాలే ఉంది.”

“పిలు.”

మౌలా సాహెబ్ పరదా వైపు తల ఊపాడు. కరీమున్నీసా చేతులు కడుక్కోలేదు. గోళ్ల సందుల్లో మూడు నెలల నలుపు ఉంది. గీకుడు కత్తి ఒరిసి బొటనవేలి మొదలు దగ్గర కాయ కాచింది. ఆమె ఆ కుడి చేతిని, అరచెయ్యి పైకి ఉండేలా, మోచేతి దాకా పరదా బయటకు చాపింది.

లాల్ అహ్మద్ ఆ చేతిని చూశాడు, ఖాళీ టీ గ్లాసు అందులో పెట్టాడు, మేస్త్రీ బయటికి వస్తాడని గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాడు.