గోడ నేర్చిన మాట

ఆ జిల్లా ఆసుపత్రిలో నర్సులకిప్పుడు డ్యూటీలు వేసేదీ, సెలవులిచ్చేదీ మాట్లాడే గోడే. హెడ్ నర్సు సువార్తమ్మ ఇన్నేళ్లుగా అందరినీ అదిలించిన తీరు విని విని, గోడ ఆ పని నేర్చుకుంది.

"పిల్లాడికి ఒళ్లు కాలిపోతోంది, సెలవు కావాలి" అని గోడనడిగింది కొత్త నర్సు ఝాన్సీ.

"మాకు లేరా పిల్లలు? పోయి పని చూసుకో!" అని కసిరింది గోడ.

పక్కనే నిలబడ్డ సువార్తమ్మ గతుక్కుమంది. అచ్చం తన మాటే, తన విసురే!

ఝాన్సీ కళ్లొత్తుకుంటూ వార్డు వైపు తిరిగింది.

"ఆగు తల్లీ" అంది సువార్తమ్మ. "నువ్వింటికెళ్లు. నీ వార్డు నేను చూసుకుంటాను."

గోడ అదీ వింది.

మర్నాడు పొద్దున్నే ముగ్గురు నర్సులు సెలవడిగారు.

"వెళ్లిరండి తల్లీ" అంది గోడ, ఎంతో ఆప్యాయంగా. "మీ వార్డులన్నీ సువార్తమ్మ చూసుకుంటుంది."