ఎత్తని ఫోను

"పేరు మార్చాను కదమ్మా, అది నువ్వేనని ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు రచయిత పార్థసారథి, కాఫీ కప్పు ముందుకు జరుపుతూ.

"మా అమ్మకి తెలిసింది సార్," అంది శ్రీవల్లి. "పొద్దున్నే మీ కథ చదివి ఫోన్ చేసి, 'మీ నాన్న పోయేముందు నీకు చేశారా? నువ్వు ఎత్తలేదా?' అని అడిగింది."

ఆ సంగతి శ్రీవల్లి ఎవరికీ చెప్పుకోలేదు. ఆయన బ్లాగు చదివి, మనసెరిగిన మనిషనిపించి, లక్ష్మీ నగర్ హాస్టల్ గదిలో కూర్చుని ఆయనొక్కడికే మెయిల్ రాసింది, నాన్న పోయినరోజు మాక్ టెస్ట్ రాస్తూ నాన్న ఫోను కట్ చేశానని. నిన్న ఆ మెయిలే ఆయన బ్లాగులో కథై కూర్చుంది.

"మూడొందల కామెంట్లు! అందరూ ఏడ్చారట," అన్నాడాయన మురిసిపోతూ.

శ్రీవల్లి కాఫీ కప్పు వెనక్కి నెట్టింది. "మా నాన్న చావు మీకు కామెంట్ల కోసమా? సిగ్గుగా లేదూ?"

ఆయన నొచ్చుకోలేదు. రాసుకోడానికి గబగబా ఫోను తీశాడు. "ఆగమ్మా, ఆ మాట మళ్ళీ అను. అమ్మ అడిగిందన్నావే, నువ్వేం చెప్పావు? తర్వాతేమైందని పాఠకులు అడుగుతున్నారు."

ద్వారకలో ఆయనింటికి వచ్చేదాకా మెట్రోలో పోగేసుకున్న మాటలు ఆమె దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. అన్నిటినీ మింగేసింది. ఆ మనిషి చేతికి ఇంకొక్క మాట కూడా చిక్కకూడదనిపించి, చెప్పులేసుకుని మెట్లు దిగింది.