మంత్రమా, మందా

మొదటిసారి చేతులెత్తమన్నప్పుడే నజ్నీన్‌కి నీరసం వచ్చింది. హాల్లో ముప్పాతిక మంది మంత్రం వైపే ఎత్తారు.

నజ్నీన్ ఏలూరులో డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెబుతుంది. సైన్సు నలుగురిలోకీ వెళ్లాలంటే ఉపన్యాసాలు చాలవని, రెండు పక్షాలనీ జనం ముందు నిలబెట్టి వాదించనివ్వాలని ఆమె నమ్మకం. అందుకే నెలకోసారి చర్చ పెడుతుంది. చర్చకి ముందోసారి, అయ్యాక ఇంకోసారి చేతులెత్తిస్తుంది. ఈసారి విషయం పాముకాటు. పోయిన వానాకాలంలో ఆమె దగ్గర చదివే పిల్ల తల్లిని కట్లపాము కరిస్తే, ఊళ్లోవాళ్లు ముందు మంత్రానికి తీసుకెళ్లారు. ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైపోయింది.

ఆ మంత్రం వేసిన జగ్గారావే ఇప్పుడు వేదిక మీద కూర్చున్నాడు.

కొల్లేటి లంకల్లో ఆయన మాటకి తిరుగులేదు. నజ్నీన్ కబురు పెట్టగానే మారుమాట లేకుండా వస్తానన్నాడు. పైగా చుట్టుపక్కల ఊళ్లవాళ్లని తనే వ్యాన్లు మాట్లాడి తీసుకొచ్చాడు. ఆ ధీమా చూసి ఆమెకి ఒళ్లు మండింది.

డాక్టరు ప్రదీప్ బాగా చదువుకున్నవాడే గాని మైకు ముందు తడబడే మనిషి. కరిచే పాముల్లో చాలావాటికి విషమే ఉండదని, విషప్పాము కూడా ఒక్కోసారి విషం దింపకుండానే కరుస్తుందని, అలాంటివాళ్లు మంత్రం వేసినా వేయకపోయినా బతుకుతారని చెప్పాడు. అసలు కీలకం అదే. కానీ తెర మీద బొమ్మలు మారేకొద్దీ జనం ఆవులించారు.

జగ్గారావు ఎక్కువ మాట్లాడలేదు. మంత్రం తాత దగ్గర నేర్చుకున్నానని, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదని చెప్పి ఊరుకున్నాడు. ఆయన చేతిమీదుగా బతికామనుకునేవాళ్లు తమంతట తామే లేచి దణ్ణాలు పెట్టారు. ప్రదీప్ మొహం వాడిపోయింది. ఇక ఓడిపోయినట్టేనని నజ్నీన్ అనుకుంటుండగా, వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది.

“ఏవండీ, రేపు మిమ్మల్నే పాము కరిస్తే ఎక్కడికెళ్తారండీ?”

లంకలవాళ్లంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. ఆవిడ తెగువకి నజ్నీన్ కూడా ఆశ్చర్యపోయింది. జగ్గారావు ఆవిడకేసి చూసి మైకు దగ్గరికి లాక్కున్నాడు.

“ఆసుపత్రికే,” అన్నాడు.

“మంత్రం వేయించుకోరా?”

“వేయించుకోను. పోయిన వానాకాలం నేను మంత్రం వేస్తున్నంతసేపూ ఆ తల్లికి రెప్పలు వాలిపోతూనే ఉన్నాయి. నా మంత్రం దేనికీ పనికిరాలేదు.”

కొందరు లేచి వెళ్లిపోయారు. ఒకాయన ఇన్నాళ్లూ మోసం చేశావా అని నిలదీశాడు. జగ్గారావు తల వంచుకుని విన్నాడు. రెండోసారి అడిగినప్పుడు మందు వైపే చేతులు లేచాయి. సూటిగా అడిగిన ఒక్క ప్రశ్న వందేళ్ల నమ్మకాన్నయినా కదిలిస్తుందని, చర్చలు పెట్టేది అందుకేనని నజ్నీన్ ముగింపు మాటల్లో సంతోషంగా చెప్పింది.

సాయంత్రం బస్టాండులో ఆయన కనిపించాడు. వ్యాన్లు ఆయన్ని వదిలేసి వెళ్లిపోయాయట. నజ్నీన్‌కి మనసు చివుక్కుమంది.

“నలుగురిలో అలా జరిగినందుకు ఏమీ అనుకోకండి బాబాయ్ గారూ.”

“మంచిదే అయిందండీ. ఆ వానాకాలం నుంచీ వచ్చినవాళ్లకి వద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లండని చెబుతుంటే, బతిమాలించుకుంటున్నాననుకునేవారు. ఇక మా గుమ్మానికి ఎవర్నీ మోసుకురారు.”

ఆ గొంతులో బాధ ఉందో, తేలిక ఉందో ఆమెకి తెలియలేదు. అంతలో ప్రశ్న అడిగిన పెద్దావిడ రెండు కప్పుల టీ పట్టుకొచ్చి, ఒకటి ఆయన చేతికిచ్చింది. సభ అయిన దగ్గర్నుంచీ నజ్నీన్ వెతుకుతున్నది ఆవిడ కోసమే. మీలాంటివాళ్లు ఊరికొకరున్నా చాలని మెచ్చుకుని, ఎవరి తాలూకని అడిగింది.

జగ్గారావు బెంచీ మీద కొంచెం జరిగి ఆవిడకి చోటిచ్చాడు.

“మా ఇంటావిడండీ,” అన్నాడు.