భీమశంకరరావు మౌనం

స్థలాల బ్రోకరు ఎల్లాజీ మీద భీమశంకరరావుకి ఒకటే కోపం. వాడు నోరు మూయడు.

భీమశంకరరావు పోర్టులో క్లియరింగ్ ఏజెంటు. పొద్దున లేస్తే లారీల హారన్లు, ఓడల కూతలు, కొత్తగా రెండు సెల్‌ఫోన్లు. బీపీ పెరిగింది. ప్రశాంతంగా ఉండకపోతే మంచం ఎక్కుతావన్నాడు డాక్టరు. ప్రశాంతత ఊరికే వస్తుందా? రుషికొండ దగ్గర, కాగితం మీద చూసి, స్థలం కొన్నాడు.

రిజిస్ట్రేషన్ అయ్యాక స్థలం చూపించడానికి ఎల్లాజీ ఆయన్ని తీసుకొచ్చాడు. భీమశంకరరావు కారు దిగి, సముద్రం బాగా కనబడే చోట ఇసుకలో బాసింపట్టు వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

"బాబూ, ఒక్క మాట. హద్దు రాయి సూపించీసి ఎల్లిపోతాను..."

"నువ్వు మాట్లాడకుండా వెళ్తే అదే పదివేలు."

అప్పట్నుంచి ప్రతి ఆదివారం అక్కడే. మౌనం. గోడ కట్టించాడు. నుయ్యి తవ్వించాడు. ధ్యానానికి గది వేయించాడు. మేస్త్రీతో కూడా సైగలే.

గోడ సగంలో ఉండగా ఎల్లాజీ రొప్పుతూ వచ్చాడు. భీమశంకరరావు కళ్లయినా తెరవకుండా పెదాల మీద వేలు పెట్టాడు.

"నాదేటి పోయింది బాబూ," అని గొణుక్కుంటూ ఎల్లాజీ వెళ్లిపోయాడు.

సాయంత్రాలు గంగాలమ్మ అనే జాలరి ముసలావిడ వచ్చి, చేపల గంప దించి, ఓ మూల కూర్చునేది. సముద్రం వైపు చూస్తూ, ఉలుకూ పలుకూ లేకుండా. చీకటి పడితే ఆయనకి దండం పెట్టి వెళ్లేది.

"ఆవిడెవరో, ఎందుకొస్తోందో అడగరేం?" ఇంట్లో భార్య వెంకటరమణమ్మ గోల.

"నీకూ ఎల్లాజీకీ తేడా లేదే! ఆవిడ నా గురువు. ఆవిడలా కూర్చోవడం నాకింకా రాలేదు."

ఏడాది తిరిగేసరికి బీపీ దిగింది. డాక్టరు మిషను మార్చి మరీ చూశాడు. భీమశంకరరావు మంచి పట్టుచీర కొని, ఆ ఆదివారం ఆవిడ ముందు మొదటిసారిగా నోరు విప్పాడు.

"అమ్మా, ఈ శాంతి నీ చలవే. గురుదక్షిణ అనుకో."

గంగాలమ్మ చీర కళ్లకద్దుకుంది. బోసినోటితో నవ్వింది.

"మాటాడీసినారా సాములోరూ! మవునంలో ఉన్నోల్ని కదిపితే పాపమని ఇన్నాల్లూ ఊరుకున్నాను గానీ, మీ జాగా ఆ సరుగుడు తోట ఎనకాలుంది, మీరు గోడా నుయ్యీ గదీ కట్టించీసింది మా ఏడు సెంట్లలోన, మీ కడుపు సల్లగుండ!"