పదహారు, పదిహేను

“రాసి సంతకం పెట్టండి. నోటిమాట నాకు చాలదు,” అంది జ్ఞానప్రసూన, బల్ల మీదున్న ప్రచార కరపత్రాన్ని వెనక్కి తిప్పి ఆంజనేయప్రసాద్ ముందుకు జరుపుతూ.

ఆయన నవ్వి జేబులోంచి ఇంకు పెన్ను తీశాడు. కూతురు రేణు దగ్గరికి అల్ఫారెట్టా వచ్చి పద్దెనిమిదేళ్లయింది. అమెరికా పౌరసత్వం వచ్చింది, పార్టీ కౌంటీ కమిటీలో సభ్యత్వమూ వచ్చింది. రెవెన్యూ శాఖలో గెజిటెడ్ అధికారిగా అలవాటైన ఆకుపచ్చ సిరా మాత్రం ఆయనను వదలలేదు. కాస్ట్‌కోలో కొనవలసిన కందిపప్పు జాబితాకు కూడా నాన్న గెజిటెడ్ సంతకం పెడతారని రేణు వేళాకోళం చేసేది.

‘రఘు ఓడిపోతే నేను గుండె ఆపరేషన్ చేయించుకుంటాను. గెలిస్తే ఆ మాట మళ్లీ నా దగ్గర ఎవరూ ఎత్తకూడదు.’ కింద తేదీ వేసి, సంతకం చేశాడు.

కౌంటీ శాఖ అధ్యక్ష పదవికి ఇద్దరే పోటీలో ఉన్నారు: రఘు, త్రివేణి. ఓటర్లు ముప్పై ఒక్కమంది సభ్యులు. రాజనీతిశాస్త్రం బోధించి రిటైరైన జ్ఞానప్రసూన, రెండిళ్ల అవతల ఉంటూ, త్రివేణి పక్షాన పనిచేస్తోంది. ఆంజనేయప్రసాద్ నెల రోజులుగా ఇల్లిల్లూ తిరిగి రఘుకు ఓట్లు అడుగుతున్నాడు.

“అనవసరంగా పందెం కాశారు. రఘుకి పదహారు ఓట్లు. నాతో కలిపే లెక్క. ఎన్నికల విషయంలో నా అంచనా ఇంతవరకూ తప్పలేదు,” అన్నాడాయన.

“చూద్దాం లెండి.”

పందెం దాకా రావడానికి కారణం ఆరేళ్ల కిందటిది. ఆయన భార్య నాగమల్లేశ్వరి ఇలాంటి ఆపరేషన్‌లోనే, బల్ల మీదే కన్నుమూసింది. అంగీకారపత్రం మీద సంతకం చేసింది ఆయనే. పెద్దకర్మ నాడు, వచ్చినవాళ్లందరి ఎదుటా, ఇక తన ఒంటి మీద కత్తి పడనివ్వనని ప్రమాణం చేశాడు. ఇప్పుడు ఆయన గుండె కవాటమే మూసుకుపోతోంది. ఈ చలికాలం దాటడం కష్టమని డాక్టరు చెప్పింది. రేణు మూడు నెలలు బతిమాలింది, ఏడ్చింది, మాట్లాడటం మానేసింది. ఆయన జవాబు మారలేదు. “అంతమంది ముందు అన్న మాట. నా ప్రాణం మీదికి రాగానే వెనక్కి తీసుకుంటే మీ అమ్మకి ఏం చెప్పుకోను?”

ఒకసారి మాత్రం సాయంత్రం నడకలో ఆయన జ్ఞానప్రసూనను ఉన్నట్టుండి అడిగాడు. “ఆ వాల్వు ఆవుదో పందిదో పెడతారటగా?”

“చేయించుకోనివారికి ఏదైతే ఏమిటి?”

“తెలుసుకుంటే తప్పా?” అని విసుక్కుని, అడుగు వేగం పెంచాడు.

పందెం ఆలోచన ఆమెకు ఆ రాత్రే వచ్చింది.

గురువారం సాయంత్రం లైబ్రరీ హాల్లో సమావేశం జరిగింది. రేణు తండ్రిని కారులో తీసుకొచ్చి, వెనక కుర్చీలో కూర్చుంది. సభ్యులు ఒక్కొక్కరే చీటీ మీద అభ్యర్థి పేరు రాసి, మడిచి పెట్టెలో వేశారు. ఓటింగ్ ముగిసిన కాసేపటికి, లెక్కించవలసిన ఇద్దరిలో ఒకామె పిల్లవాడికి జ్వరమని ఫోను వచ్చి వెళ్లిపోయింది. ఆ స్థానంలోకి జ్ఞానప్రసూనను రమ్మన్నారు. పక్కగదిలో చీటీలు విప్పుతూ ఆమె ఒకచోట ఆగింది. ఏమైనా ఇబ్బందా అని తోటి లెక్కింపుదారు అడిగాడు. ఏమీ లేదంది. మూడుసార్లు లెక్కపెట్టారు.

త్రివేణి పదహారు, రఘు పదిహేను.

ఫలితం విని ఆంజనేయప్రసాద్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “రేణూ, డాక్టర్‌కి ఫోన్ చెయ్యమ్మా. రాసిచ్చాను కదా, తప్పదు.”

ఆపరేషన్ అయిదు గంటలు సాగింది. ఆవు వాల్వే పెట్టారు. నాలుగో రోజుకు ఆయన మంచం దిగి, నర్సు చెయ్యి పట్టుకుని వరండా చివరిదాకా నడిచాడు.

ఆ మధ్యాహ్నం రఘు పూలగుత్తితో వచ్చాడు. “ఓడిపోయినందుకు బాధ లేదు అంకుల్. గెలిచుంటే మీరిక్కడ ఉండేవారు కాదు. నాకోసం చివరిదాకా నిలబడింది మీరే, థాంక్స్.”

ఆయన కిటికీ వైపు తిరిగాడు. “నన్ను క్షమించు రఘూ.”

“అయ్యో, మీరు సారీ చెప్పడమేంటి అంకుల్?”

రఘు వెళ్లాక ఆయన, మంచం పక్క కుర్చీలో ఉన్న జ్ఞానప్రసూన వైపు చూశాడు. “లెక్కపెట్టింది మీరేనటగా. పందెం కోసం ఒక ఓటు అటూ ఇటూ చేశారా?”

“ముప్పైరెండేళ్లు పేపర్లు దిద్దాను. ఒక్క మార్కు అటూ ఇటూ చేయలేదు.”

ఆయన తల పంకించి కళ్లు మూసుకున్నాడు. ముఖం ప్రశాంతంగా ఉంది.

లిఫ్టు దాకా సాగనంపడానికి వచ్చిన రేణు ఆమె రెండు చేతులూ పట్టుకుంది. “మా నాన్నని నాకు తిరిగిచ్చారు ఆంటీ. ఈ రుణం తీర్చుకోలేను. ఆయన లెక్క తప్పడం ఇదే మొదటిసారి తెలుసా? ఆ ఒక్క ఓటు ఎవరు మార్చి వేశారో గానీ, రోజూ దేవుడి ముందు వాళ్ల కోసం ఒక దీపం పెడుతున్నా. మీరు చూసే ఉంటారుగా, ఎవరు ఆంటీ?”

“రహస్య ఓటమ్మా, అడగకూడదు,” అంది జ్ఞానప్రసూన. “దీపం మాత్రం మానకు.”

త్రివేణి పేరున్న పదహారు చీటీలలో ఒకటి ఆకుపచ్చ సిరాతో రాసి ఉంది.