పదిహేడో నంబరు ఇల్లు

దార్శనిక పత్రం ఆరో అధ్యాయం దగ్గర ఆగిపోయింది.

మొదటి ఐదూ బాగానే కుదిరాయి. బిష్కెక్‌లోని ఆ బిజినెస్ స్కూలు 2035 నాటికి మధ్య ఆసియాలో ఎన్నో స్థానంలో ఉండాలో, ఎవరెవరితో ఒప్పందాలు చేసుకోవాలో, అన్నీ రంగు బొమ్మలతో సహా వచ్చేశాయి. ఆరోది 'సామాజిక ప్రభావం'. గుర్తింపు ఇవ్వడానికి వచ్చిన విదేశీయులు అది చదివి, "బాగుంది. ఇంతకీ మీ చుట్టుపక్కల వాళ్ళకి ఇప్పటిదాకా ఏం చేశారు?" అని అడిగారు. కాసేపు గదిలో ఎవరూ టీ ముట్టుకోలేదు.

వారం తిరిగేసరికి డీన్ బురుల్‌కాన్ మేడమ్ దారి కనిపెట్టింది. అషార్ చేద్దామంది. ఒకరి ఇల్లు లేవాలంటే ఊరంతా వచ్చి ఊరికే చేయి వేయడం తాతల నాటి పద్ధతే. దాన్నే మొదటి ప్రాధాన్యం అని రాసేస్తే సరిపోతుంది. మంచు పడేలోగా ఒక పేద ఇంటికి కొత్త పైకప్పు వేయాలి, ఫోటోలు తీయాలి.

ఊరి అంచున ఉన్న కాలనీల పెద్దల ద్వారా ఉత్తరాలు తెప్పించారు. పక్షపాతం అన్న మాట రాకూడదని పేర్లు కొట్టేసి నంబర్లు వేశారు. చిరునామాలు కవర్లలో పెట్టి అంటించేశారు. దేనికెన్ని మార్కులో తేల్చే పట్టిక కెనెష్ తయారుచేశాడు. వ్యూహరచన పాఠం చెప్పేది ఆయనే. దార్శనిక పత్రంలో ప్రతి అక్షరమూ ఆయనదే. కోటు నలిగితే ఆ రోజు కెనెష్ క్లాసు ఉండదని కాలేజీలో ఒక జోకు.

ఆ పట్టిక ప్రకారం పదిహేడో నంబరుకి అందరికంటే ఎక్కువ మార్కులొచ్చాయి.

అకౌంట్స్ చెప్పే జిపారా ఆ ఉత్తరం పైకి చదివింది. "ఇంట్లో నలుగురం. సంపాదించేవాడు ఒక్కడే, ఆ జీతం నెలాఖరు దాకా రాదు. కప్పు రేకులు పగిలి మూడేళ్ళయింది. వాన వస్తే ముసలిదాన్ని నేనే మనవరాలి మంచం గదంతా తిప్పుతుంటాను. మొన్న దాని పుస్తకాలన్నీ తడిశాయి, బడిలో తిట్టారట. సాయం చేసేది ఎవరైనా సరే, వాళ్ళ పిల్లాపాపలు చల్లగా ఉండాలి."

కెనెష్ ఉత్తరం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"ఇది వద్దు," అన్నాడు.

"అదేంటి కెనెష్ బైకె, మీ పట్టికే కదా తేల్చింది?" అంది జిపారా. బైకె అంటే అక్కడ అన్నగారూ అన్నట్టు.

"పట్టికలో తప్పుంది. మార్చాలి. ఆ ఇంట్లో సంపాదించే మగాడు ఉన్నాడా లేడా?"

"చాలకే కదా ఆ పెద్దావిడ రాసింది!"

"వాడి ఇంటి కప్పు మీదికి ముప్ఫైమంది ఎక్కి బాగుచేస్తే, రేపు వాడు వీధిలో తలెత్తుకు తిరగొద్దా? సిగ్గనేది ఒకటుంటుంది. ఆ తొమ్మిదో నంబరు చూడండి. మెయిన్ రోడ్డు పక్కనే అని వాళ్ళే రాశారు. బ్యానర్ కడితే బస్సుల్లో పోయేవాళ్ళకి కూడా కనిపిస్తుంది."

జిపారాకి ఒళ్ళు మండింది.

"మీకు బ్యానరే ముఖ్యం. అక్కడ పిల్ల తడిస్తే ఏంటి, మునిగితే ఏంటి? మీ కోటు తడవదుగా!"

"జిపారా, మాట జాగ్రత్త," అంది డీన్.

చేతులెత్తమన్నారు. పదిహేడుకి కెనెష్ తప్ప అందరూ ఎత్తారు. తొమ్మిదికి కెనెష్ ఒక్కడే ఎత్తాడు.

"ఆ ఇంటివాళ్ళకి ముందు చెప్పకండి," అంది డీన్. "చెబితే బకెట్లూ గిన్నెలూ సర్దేస్తారు. ఫోటోలో కారడం కనిపించదు." చిరునామా కవరు కూడా బస్సు బయల్దేరాకే విప్పాలన్నారు.

శనివారం ఉదయం బస్సులో విద్యార్థులు, వెనక లారీలో రేకులు. కెనెష్ రానన్నాడు. జ్వరమన్నాడు. డీన్ ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"చల్లగానే ఉంది. ఎక్కు నాయనా. పత్రం రాసినవాడివి, నువ్వు లేకపోతే ఎలా?"

దారిలో ఆయన మరోసారి ప్రయత్నించాడు.

"మేడమ్, ఇప్పటికైనా మించిపోయింది లేదు. తొమ్మిదికి పోదాం."

"ఈయనకి ఆ ముసలావిడ ఏం ద్రోహం చేసిందో!" అంది జిపారా, పక్కనున్నవాళ్ళకి వినిపించేలా. కెనెష్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

కాలనీ చివర బురదలో బస్సు ఆగింది. కుర్రాళ్ళు రేకులు దించారు. ఇద్దరు కాలేజీ పేరున్న బ్యానర్ విప్పి పట్టుకున్నారు. ఫోటోగ్రాఫర్ గేటు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. డీన్ జుట్టు సర్దుకుని తలుపు తట్టింది.

కెనెష్ అందరికంటే చివర, లారీ పక్కన నిలబడ్డాడు. జిపారా ఉండబట్టలేక దగ్గరికి వెళ్ళింది.

"ఇప్పుడు సిగ్గేస్తోందా?"

"వేస్తోంది," అన్నాడు కెనెష్.

కోపం వచ్చినంత తొందరగా ఆమెకి జాలి కూడా వచ్చింది. పోనీలే అన్నట్టు భుజం తట్టింది.

తలుపు తీసిన ముసలావిడ డీన్‌నీ, బ్యానర్‌నీ, అంతమందినీ దాటి లారీ వైపు చూసి, "ఏరా కెనెషూ, నీ కాలేజీ వాళ్ళందర్నీ ఇంటికి పిలుస్తూ, పొద్దున టీ తాగేటప్పుడు నాతో ఒక్క మాటైనా అనలేదేంట్రా!" అంది.