చెవి కింద గాటు

బావ ఆ బంగారు నాణేన్ని బల్ల మీద పెట్టిన తీరు చూస్తేనే ఆమెకు ఒళ్ళు మండింది. పెట్టాడా అది? విసిరినంత పని చేశాడు.

"రోమన్ చక్రవర్తి నాణెం. అసలుదేనని రాసివ్వు చాలు. ఉపన్యాసాలొద్దు."

పదేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. మ్యూజియంలో పాత నాణేలు పరీక్షించే ఆమె పనిని "దుమ్ము దులిపే ఉద్యోగం" అని ఊరంతా చెప్పుకు తిరిగిన మనిషి ఆయన. ఇవాళ ఆ దుమ్ము దగ్గరికే రావాల్సొచ్చింది. ఉన్న ఒక్క షాపూ అమ్మేసి ఈ నాణెం కొన్నాడు మరి! మ్యూజియం కాగితం లేకపోతే దాన్ని ఎవడూ ముట్టుకోడు. పక్కనే అక్క చేతిసంచి నలుపుతూ కూర్చుంది.

ఆమె భూతద్దం అందుకుంది. చక్రవర్తి తల, చుట్టూ అక్షరాలు, వెనక సింహాసనం మీద దేవత. తిప్పి చూసింది. మళ్ళీ తిప్పింది. చక్రవర్తి చెవి కింద భూతద్దం ఆపింది. కాటాలో వేసింది.

"తూకం సరిపోయిందిగా?" బావ గద్దించాడు.

"తూకానిదేముంది, ఎవడైనా సరిచేస్తాడు. ఇది నకిలీ."

"కళ్ళు నెత్తికెక్కాయా? కడుపుమంటతో చెప్తున్నావు!"

"చెల్లీ, ఇంకొక్కసారి చూడవే," అంది అక్క.

ఆమె అక్క ముఖం చూడలేదు. డైరెక్టర్‌ను పిలిపించింది. గాజు పెట్టె తాళం తీసి, మ్యూజియం నాణేన్ని తెచ్చి పక్కన పెట్టింది.

"చక్రవర్తి చెవి కింద చూడండి సార్. మన నాణేనికి చిన్న గాటుంది. దీనికీ అదే చోట, అదే గాటు. ఎప్పుడో ఎవరి చేతుల్లోనో తగిలిన దెబ్బ రెండింటికీ ఒకేలా ఎలా పడుతుంది? ఒకదాని నుంచి అచ్చు తీసి రెండోది పోత పోస్తే తప్ప!"

డైరెక్టర్ చూశాడు. నిజమే, వెంట్రుకవాసి తేడా లేదు.

"అయితే మీదాన్నీ పరీక్షించండి!" బావ అరిచాడు.

"మ్యూజియం నాణేన్నా?" డైరెక్టర్ పగలబడి నవ్వాడు. "ముప్పై ఏళ్ళుగా ఆ పెట్టెలోనే ఉందయ్యా. పోలీసుల్ని పిలవకముందే దయచెయ్యి."

"నకిలీని మళ్ళీ బజారుకు పంపకూడదు సార్. మన దగ్గరే ఉంచేద్దాం," అందామె. ఆయన సరేనన్నాడు.

పోలీసుల మాట వినగానే బావ తలుపు వైపు కదిలాడు. అక్క లేచి, "నా కొంప ముంచావు కదే!" అంది.

"నేను కాదు, నీ మొగుడి తెలివితేటలు ముంచాయి. వెళ్ళండిక."

అందరూ వెళ్ళాక ఆమె తలుపు గడియ వేసి, బావ నాణేన్ని గుప్పిట్లో బిగించి కుర్చీలో కూలబడింది.

ఆరేళ్ళ కిందట గాజు పెట్టెలోని అసలు నాణేన్ని గుట్టుగా అమ్ముకుని, దాని బదులు పోత నాణెం పెట్టినప్పుడు, ఆ అసలుది తిరిగి తిరిగి బావ చేతికే చిక్కుతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.